ఆడవాళ్ల ప్రయాణాల మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా బిడ్డ నల్లగొండలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నది. హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి కాలేజీలో సీటు వచ్చినా, రాకపోకలకు భయపడి ఇక్కడే చేర్పించాను. ఇప్పుడు రవాణా ప్రణాళికలో పీజీ చేస్తానని, ఆడవాళ్ల ప్రయాణాల మీద పనిచేస్తానని అంటున్నది. తోటి పిల్లలంతా సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. బస్సు టికెట్ కూడా ఫ్రీ అయ్యాక ఇందులో చదవడానికి ఏముంది?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు ఆ హైదరాబాద్ సీటు సంగతి మాట్లాడుకుందాం. ఇది మీ ఒక్క ఇంట్లో జరిగింది కాదు. ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఇదే విషయం పరిశోధించారు. దారి భద్రంగా ఉంటుందనుకుంటే అమ్మాయిలు తమ మార్కులకు తగిన కాలేజీని వదిలి, అంతకంటే తక్కువ స్థాయి కాలేజీలో చేరడానికి సిద్ధపడుతున్నారని తేలింది. అబ్బాయిల్లో ఈ ధోరణి అంతగా లేదు. అలా మానుకున్న ప్రయాణం ఏ టికెట్ లెక్కలోనూ కనబడదు. ఎక్కినవాళ్లనే లెక్కపెడతారు గానీ ఎక్కడం మానేసినవాళ్లను ఎవరు లెక్కపెడతారు? మీ బిడ్డ చేస్తానంటున్నది ఆ పనే.

ఇక ఫ్రీ టికెట్. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మంచి పథకమే, వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఛార్జీ అనేది ఒక అడ్డంకి మాత్రమే. బస్సే రాని ఊరికి జీరో టికెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికి, స్టేజీ దగ్గర లైటుందా, పక్కనే బెల్టు షాపుందా, బస్టాండులో బాత్రూంకి తాళం వేసి ఉంటుందా, దిగాక ఊళ్లోకి రెండు కిలోమీటర్లు ఎలా నడవాలి – ఇవన్నీ ఛార్జీ పోయినా మిగిలే ఉన్నాయి. ఇంకో మాట, ఫ్రీ బస్సు వచ్చాక తమ గిరాకీ పడిపోయిందని ఆటోవాళ్లు ధర్నాలు చేశారు. వాళ్ల బతుకుదెరువు కూడా ప్లానర్ లెక్కలోకి రావాల్సిందే.

అసలు లోపం లెక్కల్లోనే ఉంది. జనం పనికి ఎలా వెళ్తున్నారని 2011 జనాభా లెక్కల్లో అడిగారు. ఆడవాళ్లలో దాదాపు 45 శాతం నడిచే వెళ్తున్నారని, మగవాళ్లలో అది 27 శాతమేనని తేలింది. బాగానే ఉంది. కానీ ఆ ప్రశ్న సొంత సేద్యం చేసేవాళ్లను, వ్యవసాయ కూలీలను, ఇంట్లో కుటీర పని చేసేవాళ్లను అడగనే లేదు. అంటే మీ దేవరకొండ వైపు పత్తి ఏరడానికి పొద్దున్నే ఆటోలో ఇరుక్కుని వెళ్లే ఆడవాళ్లెవరూ ఆ పట్టికలో లేరు. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లు రోజూ పనికి ఎలా పోతున్నారో ప్రణాళిక వేసేవాళ్ల దగ్గర రాసి ఉంటే కదా, ఆ వేళకు ఒక బస్సు వేయాలన్న ఆలోచన వచ్చేది.

పైగా ఆడవాళ్లు ఒకే పని మీద బయటికి పోయి నేరుగా తిరిగి రావడం తక్కువ. పిల్లను అంగన్‌వాడీలో దింపి, సంఘం పని మీద బ్యాంకుకి వెళ్లి, అత్తకు మందులు తీసుకుని, సంతలో కూరగాయలు కొని వస్తారు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. ఆ పనుల కోసం చేసే ప్రయాణాలు మధ్యాహ్నం పూట, చిన్న చిన్న దూరాలకు ఉంటాయి. బస్సులేమో ఆఫీసు, కాలేజీ వేళలు చూసి వేస్తారు. ఇలాంటి ప్రయాణాలను లెక్కలోకి తేవాలని స్పెయిన్‌కు చెందిన ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా అనే ప్లానర్ చాలాకాలంగా చెబుతున్నారు.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. ‘జెండర్ ప్లానర్’ (ఆడ, మగ అవసరాల్లో తేడా చూసి ప్రణాళిక వేసేవాళ్లు) పేరుతో సర్కారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడొద్దు. పని ఎక్కువగా కన్సల్టెన్సీల్లో, పరిశోధన సంస్థల్లో, రైట్స్ (రైల్వే శాఖ కింద ఉన్న రవాణా కన్సల్టెన్సీ) లాంటి కంపెనీల్లో దొరుకుతుంది. 2017 మెట్రో విధానం ప్రకారం, మెట్రోకు కేంద్రం సాయం అడిగే నగరం సమగ్ర రవాణా ప్రణాళిక వేసుకోవాలి. ఆసియా అభివృద్ధి బ్యాంకు రుణమిచ్చే చాలా ప్రాజెక్టుల్లో ఆడవాళ్ల కోసం ప్రత్యేక కార్యాచరణ ప్రణాళిక రాయాలి. వీటికి మనుషులు కావాలి. తొలి జీతాన్ని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో పోల్చితే మాత్రం మీకు నిరాశే. ఉద్యోగం కోసం ఊళ్లు మారాల్సి కూడా రావచ్చు.

అందుకే నా సలహా: జెండర్ అనే పేరున్న డిగ్రీ కోసం వెతకొద్దు. వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎంటెక్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ మాస్టర్స్ ఉన్నాయి. ట్రాఫిక్ లెక్కలు, స్టాటిస్టిక్స్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్, కొంచెం పైథాన్ గట్టిగా నేర్చుకుని, థీసిస్ మాత్రం ఆడవాళ్ల ప్రయాణాల మీద చేయమనండి. లెక్క రానివాళ్ల మాటను మీటింగులో ఇంజినీర్లు పట్టించుకోరు, అది నిజం. మన భాషలో కూలీ ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడగలగడం ఢిల్లీలో చదివిన చాలామందికి లేని బలం. ఈ సెలవుల్లోనే మీ ఊరి నుంచి దేవరకొండ దారి ఒక్కటి తీసుకుని, ఏ స్టేజీలో ఎవరు ఎంతసేపు ఆగుతున్నారో, ఎవరు రావడం మానేశారో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి అది పనికొస్తుంది.

ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష బీటెక్ మూడో సంవత్సరం వాళ్లూ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్‌లో, పరీక్ష ఫిబ్రవరిలో. గేట్ స్కోరుతో ఎన్ఐటీలో ఎంటెక్ సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, కాబట్టి ఖర్చు గురించి అంత భయం వద్దు. వరంగల్ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ ఉంది. ఒకసారి మీరూ వెంట వెళ్లి చూసి రండి.