ఆపరేషన్ తరవాత వీడియో కాల్‌లో చూపించుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. పిత్తాశయంలో రాళ్లకు హైదరాబాద్‌లో ల్యాప్రోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాల గుండా చేసే) ఆపరేషన్ చేశారు. మేముండేది ఆసిఫాబాద్ దగ్గర. అంత దూరం మళ్లీ రానక్కర్లేదు, వీడియో కాల్‌లో చూస్తామని డాక్టర్ అన్నారు. ఇది సురక్షితమేనా?

జవాబు: కోలుకోవడం సాఫీగా సాగుతున్నంత వరకు సురక్షితమే. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన టెలీమెడిసిన్ (ఫోన్, వీడియోల ద్వారా వైద్యం) మార్గదర్శకాలు కూడా ఇందుకు వీలు కల్పిస్తున్నాయి. అయితే చేత్తో పొట్ట నొక్కి చూస్తే తెలిసే సంగతి ఫోన్ తెరపై తెలియదన్నది మీరు గుర్తుంచుకోవాలి. ఈ ఆపరేషన్ తరవాత అరుదుగా పైత్యరసం లోపలే కారుతుంది. అప్పుడు పైన కుట్లు చక్కగానే కనిపిస్తాయి, లోపల మాత్రం పొట్ట ఉబ్బి బిగుసుకుపోతూ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి రావడం మామూలే, అది ఆపరేషన్‌లో పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల. కానీ పొట్టలో నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరిగినా, కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చలిజ్వరం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వీడియో కాల్ కోసం ఎదురుచూడకుండా వెంటనే సర్జన్ ఉన్న దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కుట్ల ఫొటోలు పంపేటప్పుడు ఫ్లాష్ వెయ్యకండి, దానివల్ల చర్మం ఎరుపు సరిగా తెలియదు. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, చేతులు కడుక్కుని బొడ్డు దగ్గరి మడతను కాస్త విప్పి తియ్యండి. చీము పట్టడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. జ్వరం చూసేది పారాసెటమాల్ వేసుకోకముందే చూడాలి, లేకుంటే థర్మామీటర్ తప్పుడు ధైర్యం ఇస్తుంది. షుగర్ ఉన్నవారిలో ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ కనుక ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసిన అంకెలు తేదీలవారీగా రాసి డాక్టర్‌కు చెప్పండి. కారణం లేకుండా షుగర్ పెరగడం కూడా ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్‌కు తొలి సూచనే.

కాల్‌లో అమ్మగారినే మాట్లాడనివ్వండి. పిల్లలకు ఇబ్బంది ఎందుకని నొప్పి దాచుకునే తల్లులు మన ఇళ్లలో ఎందరో. డాక్టర్‌ను ఇప్పుడే రెండు విషయాలు అడగండి: అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి, ఆసిఫాబాద్‌లోగానీ మంచిర్యాలలోగానీ ఎవరికి చూపించాలి. డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. అక్కడి సర్జన్ మొదట అడిగేది అదే.