అడకత్తెరలో పోకచెక్కకు చేతులు గీయండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పెద్ద పొరుగు దేశాలతో ఓ చిన్న దేశం నెట్టుకొచ్చే వ్యవహారాన్ని కార్టూన్‌గా వేయడం ఎలా అని అడిగారు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న: రెండు పెద్ద దేశాల మధ్య ఇరుక్కున్న చిన్న దేశం మీద కార్టూన్ వేద్దామని కూర్చుంటే అడకత్తెరలో పోకచెక్క, ఏనుగుల కాళ్ల కింద గడ్డి తప్ప ఇంకేమీ తట్టడం లేదు. పాత ఐడియా అని ఎడిటర్ తిప్పి పంపుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: పాతదవడం పెద్ద లోపం కాదు. పోకచెక్కకు కళ్లూ లేవు, చేతులూ లేవు. అదీ లోపం. నలగడం తప్ప దానికి వేరే పని లేదు కాబట్టి పాఠకుడు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఆ వారం ఏం జరిగిందో బొమ్మలో ఎక్కడా ఉండదు. పేరు చీటీ మార్చి అదే బొమ్మను ఏ దేశానికైనా అంటించొచ్చు.

పాతవాళ్లు దీన్ని ఎలా దాటారో చూడండి. లండన్ పత్రిక పంచ్ 1878 నవంబర్ 30న వేసిన బొమ్మలో అఫ్ఘాన్ పాలకుడు (అమీర్) షేర్ అలీ మధ్యలో నిలబడి ఉంటాడు. ఒక పక్క రష్యా ఎలుగుబంటి, ఇంకో పక్క బ్రిటిష్ సింహం. కింద ‘నా స్నేహితుల బారి నుంచి నన్ను కాపాడండి’ అని ఉంటుంది. ఆ ఏడాది రష్యా రాయబార బృందం పిలవకుండానే కాబూల్‌కు వచ్చింది. అయితే మా వాళ్లనూ రానివ్వాల్సిందేనని బ్రిటన్ పట్టుబట్టింది. ఆ బృందాన్ని అమీర్ మనుషులు ఖైబర్ కనుమలో అలీ మస్జిద్ దగ్గర ఆపేశారు. నవంబర్ 21న యుద్ధం మొదలైంది. ఇద్దరూ స్నేహం పేరు చెప్పుకునే వచ్చారు, క్యాప్షన్ ఆ ఒక్క అబద్ధాన్నే పట్టుకుంది. అంటే బొమ్మ కూర్పు మామూలుదే, పదును వార్తలోంచి వచ్చింది.

అదే పంచ్ 1911 డిసెంబర్ 13న పర్షియా (ఇప్పటి ఇరాన్) మీద వేసింది ఇంకా బాగుంటుంది. ఎలుగుబంటి పర్షియా పిల్లి తోక మీద కూర్చుని ఉంటుంది. ఎదురుగా ఉన్న సింహం, మన మధ్య ఇంత మంచి అవగాహన లేకపోతే మన చిన్ని నేస్తంతో నువ్వక్కడ ఏం చేస్తున్నావని అడగాలనిపించేదే అంటుంది. ఆ అవగాహన 1907 ఒప్పందం. ఉత్తర పర్షియా రష్యా పలుకుబడి కింద, ఆగ్నేయం బ్రిటన్ కింద, మధ్య భాగం ఎవరిదీ కాకుండా ఇద్దరూ పంచుకున్నారు. 1911 చివర్లో, పర్షియా ఖజానా చూస్తున్న అమెరికన్ మోర్గాన్ షుస్టర్‌ను తీసేయాలని రష్యా అల్టిమేటం ఇచ్చింది. నోరు మెదపలేని స్థితి బ్రిటన్‌ది. గమనించండి, ఆ బొమ్మలో ఎగతాళి పిల్లి మీద కాదు, సింహం మొహమాటం మీద.

ఇక పోకచెక్క పద్ధతి పనికొచ్చే సందర్భమూ ఒకటుంది. యొకొహామాలో జార్జ్ బిగో అనే ఫ్రెంచివాడు నడిపిన తొబాయె పత్రికలో 1887 ఫిబ్రవరి 15న వచ్చిన బొమ్మలో జపాన్, చైనా చెరో గాలం పట్టుకుని కూర్చుంటాయి. నీళ్లలో ఉన్న చేప కొరియా. వంతెన మీది నుంచి రష్యా చూస్తుంటుంది. చేప ఏమీ చేయదు, చేయనక్కర్లేదు కూడా, ఎందుకంటే విషయం గాలాల పోటీ. మీ విషయం కూడా పెద్దవాళ్ల పోటీయే అయితే చేపనో పోకచెక్కనో ధీమాగా వేసుకోండి. చిన్న దేశం ఏం చేసిందన్నది విషయమైతే మాత్రం దానికి చేతులు కావాలి.

పని ఇలా మొదలుపెట్టండి. పెన్సిల్ పట్టుకోకముందు ఒక వాక్యం రాయండి. అందులో కర్త, కర్మ, క్రియ మూడూ ఉండాలి, క్రియ ఆ వారం వార్తలోంచే రావాలి. ‘చిన్న దేశం నలిగిపోతోంది’ అన్నది నిట్టూర్పు. ‘ఓడరేవు కట్టిస్తామన్న ఇద్దరికీ ఒకే స్థలం చూపించి బేరం పెంచుతోంది’ అన్నది వాక్యం. దాని మీద అగ్గిపెట్టె సైజు రఫ్‌లు ఐదారు వేయండి. పెద్దవాళ్లను ఎక్కడివాళ్లను అక్కడే ఉంచి, ప్రతి రఫ్‌లో చిన్నవాడి చేతులు, చూపు మాత్రమే మార్చండి. చేయి చాస్తే అడుగుతున్నట్టు, వెనక్కి కట్టుకుంటే ఏదో దాస్తున్నట్టు. ఒకరికి షేక్‌హ్యాండ్ ఇస్తూ రెండో వాడి వైపు కన్ను వేస్తే కథ పూర్తిగా వేరు. చిన్నవాడు పాఠకుడి వైపు చూస్తే అతణ్ని సాక్ష్యానికి పిలిచినట్టవుతుంది, ఆ ఉద్దేశం లేకపోతే అలా వేయొద్దు. చివరికి పేర్లు రాయకుండా ఒక రఫ్ ఎవరికైనా చూపించి ‘ఇక్కడ ఎవరు ఏం చేస్తున్నారు’ అని అడగండి. క్రియ చెప్పగలిగితే బొమ్మ నిలబడినట్టే. దేశాల పేర్లు చెప్పలేకపోయినా ఫర్వాలేదు, దానికి లేబుల్ ఉంది.

సైజు విషయం. చిన్న దేశం కదా అని చీమంత వేస్తారు, అక్కడే దెబ్బతింటారు. అచ్చులో పెద్ద ఆకారం 7 సెం.మీ. ఎత్తుంటే చిన్నది 2.8 సెం.మీ.కు తగ్గకూడదు. కార్టూన్ మనిషికి తల ఒంట్లో నాలుగో వంతు అనుకుంటే ముఖానికి దక్కేది 7 మి.మీ. అంతకన్నా తగ్గితే కనుబొమలూ కళ్లూ ఒకే మచ్చగా కలిసిపోతాయి, అభినయం పోతుంది.

ప్రశ్న: దేశాన్ని గుర్తుపట్టించడానికి నాయకుడి ముఖం వేయాలా, జంతువునా, జెండానా, మ్యాప్ ఆకారాన్నా?

జవాబు: మ్యాప్ ఆకారం కలిసొస్తే దాన్ని మించింది లేదు, కానీ కాలం చూసుకోవాలి. ఫిన్లాండ్‌ను చేయెత్తిన అమ్మాయిగా వేయడం వాళ్లకు మామూలు. ఉత్తరాన పెట్సామో ప్రాంతం 1920లో ఫిన్లాండ్‌కు వచ్చి 1944లో సోవియట్ యూనియన్‌కు పోయింది. ఆ ప్రాంతమే మ్యాప్‌లో రెండో చెయ్యి. కాబట్టి 1930ల ఫిన్లాండ్‌కు రెండు చేతులు, 1950ల ఫిన్లాండ్‌కు ఒకటే. ఈ తేడా తెలియకుండా వేస్తే అక్కడివాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు.

సొంత చరిత్రలోంచి వచ్చిన పోలిక దొరికితే ఇంకా మేలు. నేపాల్‌ను ఒక్కటి చేసిన పృథ్వీ నారాయణ్ షా తమ రాజ్యం రెండు బండల మధ్య పెండలం లాంటిదన్నాడు. నేపాల్ విదేశాంగం మాట వస్తే ఇప్పటికీ ఆ పెండలమే తెర మీదికొస్తుంది. బండలు పెరగవు, పెండలం మొలకెత్తుతుంది. ఆ మొలకలనే చేతులుగా వాడుకోవచ్చు.

జెండాలతో జాగ్రత్త. ఇండొనేషియా, మొనాకో జెండాలు రంగుల్లోనే ఒకేలా ఉంటాయి, పోలండ్‌ది వాటికి తలకిందులు. నలుపు తెలుపులో నిలువు పట్టీల జెండాలన్నీ ఒకే గుంపు. నేపాల్ ఒక్కటే అదృష్టవంతురాలు, నాలుగు మూలల ఆకారం కాని జాతీయ జెండా దానిదే కాబట్టి నీడ వేసినా తెలిసిపోతుంది. నాయకుడి ముఖం స్వదేశ పాఠకులకు చాలు, బయటివాళ్లకు చాలదు. టోపీ, మీసం, కళ్లజోడు లాంటివి కనీసం రెండు గుర్తులు ఉండి, కింద పేరూ ఉండాలి. మొత్తం బొమ్మలో లేబుళ్లు మూడు దాటితే అది పటం అవుతుంది, కార్టూన్ కాదు.

ప్రశ్న: క్యాప్షన్ ఎన్ని మాటల్లో ఉండాలి?

జవాబు: ఒక్కో పాత్రకు ఐదారు మాటలు చాలు, రెండు పాత్రలకు మించి మాట్లాడించొద్దు. డేవిడ్ లో (Low) అనే కార్టూనిస్టు 1939 సెప్టెంబర్ 20న లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్‌లో వేసిన బొమ్మ చూడండి. హిట్లర్, స్టాలిన్ టోపీలు తీసి వంగి నమస్కరించుకుంటారు, నోటి వెంట మాత్రం తిట్లు. ఒకడు ‘లోకంలోని మురికి తమరే కదా?’ అంటే, రెండోవాడు ‘కార్మికుల నెత్తురు తాగిన హంతకులు తమరనుకుంటాను?’ అంటాడు. మధ్యలో పోలండ్ శవం. దాని గురించి ఎవరూ మాట్లాడరు. బొమ్మ ఒకటి చెప్పాలి, మాట దానికి అడ్డం తిరగాలి. కనిపిస్తున్నదాన్నే మళ్లీ చెప్పే క్యాప్షన్ కొట్టేయండి. మాకున్న ఒక పేచీ కూడా చెప్తాం: వార్సా సెప్టెంబర్ 28 దాకా లొంగలేదు, పోలండ్‌ను వారం ముందే చంపేసిన బొమ్మ అది.

ప్రశ్న: చిన్న దేశం మాట నెగ్గించుకున్నప్పుడు ఎలా వేయాలి? దాన్ని పెద్దగా వేస్తే అబద్ధం, చిన్నగా వేస్తే మళ్లీ బాధితురాలే అవుతోంది.

జవాబు: ఒంటిని చిన్నగానే ఉంచి చేతిలో సరైన వస్తువు పెట్టండి. సైన్యమే లేని ఐస్‌లాండ్ తన చేపల వేట హద్దును 1958లో 12 మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200కు పెంచుకుంటూ పోయింది. ఎదురుగా బ్రిటిష్ యుద్ధనౌకలు. ఐస్‌లాండ్ కోస్ట్ గార్డ్ పడవలు వల లాగే ఉక్కు తాళ్లను కోసే కత్తెర లాంటి పరికరాన్ని నీళ్లలో లాక్కుంటూ బ్రిటిష్ చేపల ఓడల (ట్రాలర్ల) వెనక దాటేవి. తాడు తెగితే వల, చేపలు రెండూ సముద్రం పాలు. 1976లో బ్రిటన్ దిగొచ్చింది. అసలు బలం ఇంకోటి ఉంది: ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో అప్పుడున్న అమెరికా సైనిక స్థావరం. నాటో నుంచి బయటికి పోతామన్న బెదిరింపు లండన్ కన్నా వాషింగ్టన్‌ను ఎక్కువ కలవరపెట్టింది. ఇప్పుడు ఎంచుకోవాల్సింది మీరు. కత్తెర వేస్తే సముద్రం మీది గొడవ, స్థావరం తాళంచెవి వేస్తే దౌత్యం. రెండూ ఒకే బొమ్మలో పెడితే చూపు చీలిపోతుంది.

నెగ్గకపోయినా నిలదొక్కుకోవడం మీదైతే నిలబడే తీరు ముఖ్యం. ఫిన్లాండ్ కార్టూనిస్టు కారి సువోమలాయినెన్ తమ విదేశాంగ విధానాన్ని, పడమరకు వెనకభాగం చూపించకుండా తూర్పుకు వంగే కళ అన్నాడు. మాటలోనే బొమ్మ ఉంది చూడండి, నడుము ఎన్ని డిగ్రీలు వంచాలన్నదే మిగిలిన పని.

ప్రశ్న: శ్రీలంక హంబన్‌తోట రేవు మీద వేసిన కార్టూన్‌ను తప్పుల తడక అన్నారు. అప్పు కట్టలేదని చైనా రేవు లాక్కున్నట్టు వేశాను. తప్పేంటి?

జవాబు: ‘లాక్కుంది’ అన్న క్రియే తప్పు. 2017లో కుదిరింది 99 ఏళ్ల లీజు. చైనా కంపెనీ అందుకు 112 కోట్ల డాలర్లు ఇచ్చింది. రేవు కట్టడానికి తీసుకున్న చైనా అప్పు దాంతో రద్దు కాలేదు, ప్రభుత్వ ఖాతాలోనే ఉండిపోయింది. వచ్చిన డాలర్లు విదేశీ మారక నిల్వలు నింపుకోవడానికి పనికొచ్చాయి, ఎందుకంటే ఆ దేశాన్ని నొక్కుతున్న చెల్లింపుల్లో అంతర్జాతీయ బాండ్లవి పెద్ద వాటా. అంటే జేబు కొట్టేస్తున్న దొంగ బొమ్మ కుదరదు. ఒక చేత్తో ఇంటి తాళాలు అప్పగిస్తూ, రెండో చేత్తో అందుకున్న నోట్లను వెనక నిలబడ్డ, అప్పిచ్చిన ఇంకొకడికి అందిస్తున్న మనిషి బొమ్మ నిజానికి దగ్గర. దీంట్లో చైనాకు సర్టిఫికెట్టేమీ లేదు, తాళాలు ఎలాగూ దాని జేబులోకే పోతున్నాయి.

ఇలాంటి బొమ్మ పంపేముందు నాలుగు సంగతులు సరిచూసుకోండి: అది అప్పా, గ్రాంటా, లీజా; ఒప్పందం మీద సంతకమే అయిందా, పార్లమెంటు ఆమోదం కూడా వచ్చిందా; సంతకం పెట్టిన ప్రభుత్వమే ఇప్పుడూ ఉందా; మ్యాప్ వేస్తే సరిహద్దు ఎవరి లెక్క ప్రకారం వేశారు. ఎక్కువ ఫిర్యాదులు ఈ చివరిదాని మీదే వస్తాయి.

ప్రశ్న: పొరుగు దేశపు రాయబార కార్యాలయం నొచ్చుకుంటే?

జవాబు: వివరం తప్పయితే సవరణ వేయాలి. నొప్పి మాత్రమే అయితే అక్కర్లేదు. 1937లో డేవిడ్ లో బొమ్మలకు బెర్లిన్ మండిపడుతోందని బ్రిటిష్ మంత్రి హాలిఫాక్స్ స్వయంగా చెప్పి తగ్గించమన్నాడు. హిట్లర్‌ను, ముస్సోలినీని కలిపి మజ్లర్ అనే ఒకే పాత్రను పుట్టించి డేవిడ్ లో పని కానిచ్చాడు.

ప్రశ్న: అచ్చులో నా గీతలు అలుక్కుపోతున్నాయి, లేబుల్‌లో వత్తులు కనబడడం లేదు.

జవాబు: అచ్చయ్యే వెడల్పుకు రెట్టింపులో వేయండి. 12 సెం.మీ.కు పోవాల్సిన బొమ్మ కాగితం మీద 24 సెం.మీ. ఉండాలి. సగానికి తగ్గించాక 0.2 మి.మీ. గీత 0.1 అవుతుంది, న్యూస్‌ప్రింట్ మీద తెగిపోతుంది. అందుకే సన్నగీత 0.5 మి.మీ.కు తగ్గొద్దు. క్రాస్ హ్యాచింగ్‌లో, అంటే నీడ కోసం అడ్డదిడ్డంగా వేసే గీతల్లో, గీతకూ గీతకూ మధ్య ఖాళీ 1 మి.మీ.కన్నా తక్కువుంటే సిరా పాకి నల్లమచ్చ అవుతుంది. పెద్ద దేశం కోటు నల్లగా నింపేసి చిన్నవాణ్ని దాని ముందు తెల్లగా నిలబెడితే హ్యాచింగ్ అవసరమే సగం తగ్గుతుంది, చూపు కూడా నేరుగా చిన్నవాడి మీదికి పోతుంది.

లేబుల్‌లో తెలుగు అక్షరం 6 మి.మీ. ఎత్తుంటే కింద వత్తుకు, పైన గుడికి కలిపి వరుసకు 13, 14 మి.మీ. వదలాలి. ‘ఉజ్బెకిస్తాన్’, ‘కిర్గిజ్‌స్తాన్’ లాంటి పేర్లను భుజం పట్టీ మీద కుక్కకండి, కోటు వెనకో, పెట్టె మీదో, పొడుగ్గా చోటున్నచోట రాయండి. సిరా బాగా ఆరాక పెన్సిల్ చెరిపి, రెట్టింపు సైజులోనే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. సగానికి తగ్గితే అది 1200కు సమానం. జేపీజీ వద్దు, గీత అంచుల్లో బూడిద చుక్కలు వస్తాయి. టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ పంపండి. పంపేముందు ఫోన్ తెర మీద ఒకసారి చూడండి. అక్కడ చిన్నవాడి కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియకపోతే తల ఇంకో 2 మి.మీ. పెంచి మళ్లీ వేయాల్సిందే.