రాత్రి షిఫ్టులో చెప్పకుండా జరిపిన డ్రిల్ చూపించినవి

ఫ్యాక్టరీల మాక్ డ్రిల్స్ ఆపదలో నిజంగా పనికివస్తాయా, లేక తనిఖీ అధికారులకు చూపించే ఫొటోల కోసమేనా అని అడిగారు. రసాయన పరిశ్రమల సేఫ్టీ విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా, రెండు రకాలూ చూశానని చెప్పగలను.

భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, భారీ ప్రమాదానికి ఆస్కారమున్న కర్మాగారం ఆరు నెలలకొకసారి తన ఆవరణలో మాక్ డ్రిల్ జరపాలి. అయితే నేను చూసినవాటిలో చాలామటుకు ముందురోజే సర్క్యులర్ పంపి, జనరల్ షిఫ్టులో, ఉదయం టీ అయ్యాక జరిపినవే. సైరన్ మోగుతుంది, అందరూ కబుర్లు చెప్పుకుంటూ అసెంబ్లీ పాయింట్‌కు నడుస్తారు, రిజిస్టరులో సంతకాలవుతాయి. ఎటు వెళ్లాలో తెలుస్తుంది, అంతే.

నిజమైన ఆపదలో మొదట తడబడేది నిర్ణయం తీసుకోవలసిన మనిషి. పైఅధికారులెవరూ లేని వేళ వాసన వచ్చినప్పుడు, సైరన్ నొక్కే అధికారం తనకుందో లేదో తెలియక షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ అందుకుంటే, విలువైన నిమిషాలన్నీ అక్కడే పోతాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి కమ్ముకొచ్చి 12 మంది చనిపోయినప్పుడు సైరన్ మోగనేలేదు. ఆ సంగతిని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో తప్పుపట్టింది.

మా యూనిట్లలో ఒకదానిలో, క్లోరిన్ టన్నర్ (టన్ను గ్యాసు పట్టే పెద్ద సిలిండర్) వాల్వు లీకైనట్టుగా, రాత్రి షిఫ్టులో ఎవరికీ చెప్పకుండా డ్రిల్ జరిపాము. (ఊళ్లో పుకార్లు లేవకుండా ఫైర్ స్టేషన్‌కూ, పోలీసులకూ మాత్రం ముందే తెలియజేయాలి, ఇది మరువకండి.) విండ్‌సాక్ చూపిస్తున్న దిశను బట్టి గాలి నేరుగా అసెంబ్లీ పాయింట్ మీదికే వీస్తున్నా, అలవాటు కొద్దీ అందరూ అక్కడికే చేరారు. మైకులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెప్పిన మాటలు ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులకు అర్థం కాలేదు. అన్నిటికంటే కలవరపెట్టింది తలల లెక్క: పగటి షిఫ్టువారిలో కొందరిని ఓవర్‌టైమ్‌కు ఆపుకున్న కాంట్రాక్టరు, ఆ పేర్లు మస్టర్‌లో (హాజరుపట్టీలో) రాయలేదు. గేటు రిజిస్టరుకూ మస్టర్‌కూ పొంతన లేకపోవడంతో, లోపల ఇంకెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు చాలాసేపటిదాకా జవాబు దొరకలేదు.

ఇటువంటి డ్రిల్‌కు ముందు, ఖర్చులేని టేబుల్‌టాప్ అభ్యాసం ఒకటి చేయించమని నా సలహా. షిఫ్ట్ ఇన్‌ఛార్జిలను, సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ను, మెయింటెనెన్స్‌వారిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, కొద్ది నిమిషాలకొక చీటీ చేతికివ్వండి: కరెంటు పోయింది, అంబులెన్స్ డ్రైవర్ సెలవులో ఉన్నాడు, పక్క ఊరి సర్పంచ్ గేటు దగ్గర నిలదీస్తున్నాడు. ఏం చేస్తారో, ఎవరి అనుమతితో చేస్తారో ఆ మనిషి చేతనే చెప్పించండి. ప్లాంట్ హెడ్ గదిలో ఉంటే అందరూ ఆయన ముఖమే చూస్తారు కాబట్టి, ఆయనను తొలి విడతకు పిలవకపోవడమే మంచిది.

డ్రిల్ ముగిసిన వెంటనే, ఇళ్లకు వెళ్లకముందే సమీక్ష జరపండి. అందులో హెల్పర్లు, వాచ్‌మన్లు ముందు మాట్లాడాలి. బయటపడిన ప్రతి లోపానికీ బాధ్యుడి పేరు, గడువు తేదీ రాసి, తరువాతి డ్రిల్‌లో ముందుగా వాటినే పరీక్షించండి.