శాంతోమ్‌కి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి మాస్టారి ఆశీస్సులు.

ఏడో తరగతి పిల్లలు అరవై మందిని మన చెన్నైలోని పెద్ద చర్చి, శాంతోమ్ కెథెడ్రల్‌కి తీసుకెళ్తున్నానని మొన్న అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఈ ఉత్తరం.

ముందు ఒక రోజు నువ్వొక్కదానివే వెళ్లి చూసి రా. ఒక ఏడాది నేను ఆ పని చెయ్యకుండా, స్కూలు ఉత్తరం చేతిలో ఉంది కదా అని బయల్దేరాను. తీరా వెళ్తే లోపల పెళ్లి! గంటసేపు ఎండలో నిలబెట్టాను. ఒక పిల్లాడికి వాంతులు. తప్పు నాదే. పెళ్లిళ్లు, పూజల వేళలు అక్కడి ఆఫీసులో అడిగి తెలుసుకో. ఆదివారం జోలికి మాత్రం పోకు.

లోపలికి వెళ్లగానే పాఠం అందుకోకు. బయటే ఆగి శిఖరాలు ఎన్నో లెక్కపెట్టమను. 155 అడుగుల పెద్దదాన్ని చూసి ఒకటే అంటారు. అటూ ఇటూ తిప్పి రెండో చిన్న శిఖరం చూపించు. దాని కింద ఏముందో చెప్పొద్దు, ఊహించనీ. సమాధి దగ్గరికి దిగాక వాళ్లకే తెలుస్తుంది. అక్కడికి పదేసి మందినే పంపు. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇక అసలు సంగతి. “ఇదంతా నిజమేనా?” అని ఎవడో ఒకడు అడుగుతాడు. కంగారు పడకు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీయించు. ఒక పక్క ‘చెప్పుకునేవి’, ఇంకో పక్క ‘రాసి ఉన్నవి’. ఏసుక్రీస్తు శిష్యుడు తోమా ఇక్కడికి వచ్చాడని, క్రీ.శ. 72లో ఈ ఊళ్లోనే చంపేశారని, ఆ సమాధి ఆయనదేనని చెప్పుకుంటారు. అది మొదటి పక్క. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో ఇక్కడ చర్చి కట్టారు, ఇప్పుడున్నది 1896 నాటిది. ఇవి రెండో పక్క. ఈ రెండు చర్చిల్నీ కలిపేసి, ఈ గోడలన్నీ పోర్చుగీసువాళ్లవే అనేవాళ్లు తగులుతారు, జాగ్రత్త.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దగ్గర మాత్రం గొడవ మొదలవుతుంది. 13వ శతాబ్దం చివర్లో ఈ సమాధి గురించి రాశాడు కాబట్టి ఒకసారి మా పిల్లల్ని రెండో పక్క వెయ్యమన్నాను. “ఆయన కూడా ఎవరో చెప్తే విన్నదే రాశాడు కదా సార్” అంది వెనక బెంచీ పిల్ల. నా దగ్గర జవాబు లేదు. రెండు పక్కలా వేసుకోమన్నాను. ఆ ఒక్క ప్రశ్నకే ట్రిప్పు ఖర్చు గిట్టిందనుకున్నాను.

వెనక వైపు ఒక స్తంభం ఉంది. సునామీ దాన్ని దాటి రాలేదంటారు. పిల్లలు నవ్వబోతారు. నవ్వనివ్వకు, పక్కనే నమ్మేవాళ్లుంటారు. మొదటి పక్క రాయించి ముందుకు నడిపించు.

చర్చిలో కోసుగా ఉండే కమానుల్ని రెండు చేతులూ జోడించి పట్టుకుని పోల్చి చూడమను, బొమ్మ గీయడం తేలికవుతుంది.

చర్చి అయ్యాకే బీచ్. ముందు సముద్రం చూపించావో, ఇక నీ మాట వినరు. నీళ్లలోకి దిగనివ్వకు. పెరుగన్నం ఇసకలో కూర్చుని తిననివ్వకు, కాకులు డబ్బాల మీదికే వస్తాయి. బస్సెక్కాక నెంబర్లు చెప్పించు, నువ్వు తలలు లెక్కపెడితే రెండుసార్లు రెండు లెక్కలు వస్తాయి.

ఆ గీత గీసిన పేజీలు దిద్దాక ఒకటి రెండు నాకూ పట్టుకురా. మార్కో పోలోని ఎటు వేశారో చూడాలి.

ఇట్లు,
మీ సోషల్ మాస్టారు
మైలాపూరు, చెన్నై