చీటీ డబ్బంతా బీర్ షేర్లలో పెట్టేయమంటున్నాడు మా బామ్మర్ది, పెట్టొచ్చా?

గాజువాక నుంచి ఒకాయన అడిగారు. చీటీ పూర్తయి 6 లక్షలు చేతికొచ్చాయట, ప్రపంచంలో బీర్ కంపెనీలన్నీ కలిసిపోయి రెండు మూడే మిగిలాయి, మన వైజాగ్ ఎండలు చూశావుగా, తాగేవాళ్లు ఎక్కడికి పోతారు, మొత్తం అందులో పెట్టేయ్ బావా అని బామ్మర్ది పోరు పెడుతున్నాడట. నెల ఖర్చు 35 వేలు, గోల్డ్ లోన్ 1.8 లక్షలు ఇంకా ఉంది, పాప ఆరో తరగతి.

మీ బామ్మర్ది చెప్పింది సగం నిజమేనండి. 2004లో బెల్జియం కంపెనీ, బ్రెజిల్ కంపెనీ కలిసి ఇన్‌బెవ్ అయ్యాయి, 2008లో బడ్‌వైజర్ వాళ్లని 52 బిలియన్ డాలర్లకి కొనేశారు, 2016లో శాబ్‌మిల్లర్ అనే ఇంకో పెద్ద బీర్ కంపెనీని 100 బిలియన్ పైనే పెట్టి కొన్నారు. ఎందుకంటే అమెరికా, యూరప్‌లో బీర్ తాగడం తగ్గుతోంది, శాబ్‌మిల్లర్‌కేమో ఆఫ్రికాలో మంచి పట్టుంది. మరి షేర్ హోల్డర్‌కి ఏం మిగిలింది? కొండంత అప్పు. 2018లో డివిడెండ్ (షేర్ హోల్డర్లకి పంచే లాభం) సగానికి కోసేశారు, ఆ డీల్ ముందు 120 యూరోల దాకా వెళ్లిన షేర్ ఇన్నేళ్లైనా మళ్లీ ఆ రేటు చూడలేదు. ఇంకో తమాషా, మోడెలో బీర్ మెక్సికోలో వీళ్లదే, కానీ అమెరికాలో అమ్ముకునే హక్కు 2013లో అక్కడి ప్రభుత్వం పట్టుబట్టి వేరే కంపెనీకి ఇప్పించింది, 2023లో వీళ్ల బడ్ లైట్‌ని నంబర్ వన్ నుంచి దించేసింది ఆ మోడెలోనే!

సరే మన సంగతికొద్దాం. మన దేశంలో మనిషి ఏడాదికి తాగే బీర్ సుమారు 2 లీటర్లే, చెక్ దేశంలో 120 పైమాటే, కాబట్టి పెరగడానికి చోటుంది, అందుకే నెదర్లాండ్స్ బీర్ కంపెనీ హైనెకెన్ 2021లో కింగ్‌ఫిషర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్‌లో వాటా 61.5 శాతానికి పెంచుకుంది. కానీ ఈసారి శ్రీకాకుళం వైపు వెళ్తే రణస్థలం దగ్గర వాళ్ల ఫ్యాక్టరీ ఉంటుంది చూడండి, ఆ సీసా లేబుల్ మీద ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకానికి మాత్రమే అని ఉంటుంది, అదే సీసా ఇచ్ఛాపురం దాటించి ఒడిశాలో అమ్మడానికి లేదు, అక్కడ లేబుల్ వేరు, ట్యాక్స్ వేరు. రేటు కూడా కంపెనీ ఇష్టం కాదు, సర్కారు ఊ అనాలి. 2025 జనవరిలో రేట్లు పెంచట్లేదు, బకాయిలు ఇవ్వట్లేదు అని ఇదే కంపెనీ తెలంగాణకి సప్లై ఆపేస్తున్నాం అంది, ఫిబ్రవరిలో 15 శాతం పెంచాకే కాస్త ఊపిరి. మన దగ్గర 2019 నుంచి 2024 దాకా షాపుల్లో ఏ బ్రాండ్లు దొరికాయో నేను చెప్పాలా? తాగేవాళ్లు ఎక్కడికీ పోలేదు, బ్రాండే పోయింది. పైగా 2021లో కాంపిటిషన్ కమిషన్ రేట్ల మీద పోటీ కంపెనీలతో కుమ్మక్కయ్యారని వీళ్లకి 750 కోట్ల పైన ఫైన్ వేసింది.

కాబట్టి ముందు గోల్డ్ లోన్ కట్టేసి నగలు ఇంటికి తెచ్చుకోండి, 12 శాతం వడ్డీ కడుతూ షేర్లు కొనడం ఏంటండి అసలు. ఆరు నెలల ఖర్చు 2.1 లక్షలు ఎఫ్‌డీలో పడేయండి, ఇంకో 2.1 మిగుల్తుంది, అది పాప చదువు కోసం నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండ్) ఏడాది పాటు నెలనెలా కొంచెం కొంచెం వేయండి. అందులోంచే ఒక 20 వేలు బీర్ షేర్‌కి తీస్తే తీయండి, అది కూడా సమ్మర్ అమ్మకాలు చూసి ఎగబడకండి, ఎండాకాలంలో బీర్ బాగా పోతుందని మార్కెట్‌కి మనకంటే ముందే తెలుసు. బడ్‌వైజర్ షేర్ యాప్‌లో అమెరికా నుంచి కొందామంటున్నాడా, అయితే ఏటా ఐటీ రిటర్న్‌లో ఫారిన్ అసెట్స్ షెడ్యూల్ నింపాలని చెప్పండి, సగం ఉత్సాహం అక్కడే తగ్గుతుంది.