పైకప్పు సలహాల సైట్ "మాకు బాధ్యత లేదు" అని రాసుకుంటే అంతటితో అయిపోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇంటి పైకప్పు మరమ్మతుల గురించి చెప్పే ఒక సైట్‌లో చదివి స్లాబు మీద వాటర్‌ప్రూఫ్ పూత వేయించారు, మొదటి పెద్ద వానకే ఇల్లు మళ్ళీ ఉరిసింది, సైట్ వాళ్ళకు రాస్తే "మా వినియోగ నియమాలు చదవండి" అన్నారు, చదివితే ఏ నష్టానికీ వాళ్ళ బాధ్యత లేదని ఉంది. ఆ మాట చెల్లుతుందా, వాళ్ళ మీద ఏమైనా చేయొచ్చా అని అడిగారు.

నేను లాయర్‌ని కాదండీ. కాకపోతే సరిగ్గా ఇదే గోతిలో పడి, కోపంతో ఆ నియమాల పేజీ మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివిన మనిషిని. ముందే చెప్పేస్తాను, సైట్ మీద మీకు పెద్దగా ఏమీ రాకపోవచ్చు. అయితే దానికి కారణం మీరు అనుకుంటున్నది కాదు.

నా సంగతి చెప్తాను. పడక గది మూలలో చెమ్మ దిగి సున్నం పెచ్చులు ఊడుతుంటే, ఒక సైట్‌లో మంచి వ్యాసం దొరికింది. ఫొటోలతో సహా చక్కగా రాశారు: పైన శుభ్రంగా కడగండి, పగుళ్ళు పూడ్చండి, ప్రైమర్ వేయండి, తర్వాత ఒక కోటు అడ్డంగా, ఒక కోటు నిలువుగా. పొల్లు పోకుండా అలాగే చేశాను. వాన వెలిసి రెండు రోజులే అయింది కానీ స్లాబు పైకి పొడిగానే కనబడింది, ఇంకేం అనుకున్నాను. మూడు వారాలకి పూత మీద అక్కడక్కడా బుడగలు లేచాయి. ఒక దాన్ని బొటనవేలితో నొక్కితే కింద నీళ్ళు అటూ ఇటూ జరగడం తెలుస్తోంది, పిన్నుతో పొడిస్తే సన్నగా చిమ్మింది. కాంక్రీటు లోపల మిగిలిన తడి ఎండకు ఆవిరై, బయటికి దారి లేక పూతనే పైకి లేపేసింది. ఇంతా చేసి అసలు కారుతున్నది స్లాబు మధ్యలో కానే కాదు, పిట్టగోడ స్లాబుతో కలిసే చోట. తూము వైపు వాటం లేక నీళ్ళన్నీ వెళ్ళి ఆ గోడ మొదట్లోనే నిలబడుతున్నాయి. ఎంత ఖరీదైన పూత వేసినా వాటం రాదు కదా. అది వ్యాసం రాసినాయనకు ఎలా తెలుస్తుంది, ఆయన నా డాబా ఎక్కలేదు.

ఈ చివరి మాటే వాళ్ళ నియమాల్లో నాలుగు రకాలుగా తిప్పి రాసి ఉంటుంది. "ఇది సాధారణ సమాచారం మాత్రమే, నిపుణుల పరిశీలనకు బదులు కాదు" అనేది ఒకటి. "ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం" అంటే తప్పులుండొచ్చు, పాతబడి ఉండొచ్చు, హామీ లేదు అని. ఆ తర్వాత వచ్చేది బాధ్యత పరిమితి: ప్రత్యక్ష, పరోక్ష, పర్యవసాన నష్టాలు వేటికీ మేం బాధ్యులం కాం, ఒకవేళ కోర్టు కాదన్నా మీరు మాకు చెల్లించిన మొత్తాన్ని మించి ఇవ్వం. మీరు చెల్లించింది సున్నా అయితే ఆ పరిమితి కూడా సున్నాయే. తడిసిన పరుపు, పాడైన వైరింగు, ఊడిన సీలింగు, వీటిని వాళ్ళు పర్యవసాన నష్టం కింద నెట్టేస్తారు. ఎవరూ చదవనిది ఇంకొకటి ఉంది. మీరు ఆ సైట్‌ను వాడిన తీరు వల్ల మూడో మనిషెవరైనా సైట్ మీదకు వస్తే ఆ ఖర్చు మీరే భరించాలి అనేది. ఎవరో తీసిన ఫొటోను మీదే అన్నట్టు అక్కడ పెట్టి సలహా అడిగితే, ఆ ఫొటో తీసినవాళ్ళు గొడవ చేస్తే ఇది మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఇవి చెల్లుతాయా అంటే, దేశాన్ని బట్టి, మీరు ఒప్పుకున్న తీరును బట్టి ఉంటుంది. టిక్కు పెట్టి "అంగీకరిస్తున్నాను" నొక్కారా, లేక పేజీ అడుగున బూడిదరంగు అక్షరాల్లో లింకు ఉందంతేనా? అమెరికాలో 2014లో ఒక అప్పీలు కోర్టు, పుస్తకాలమ్మే బార్న్స్ అండ్ నోబుల్ కంపెనీ కేసులో, పేజీ మీద లింకు కనబడినంత మాత్రాన కొన్నవాడు షరతులకు ఒప్పుకున్నట్టు కాదని చెప్పింది. ఇది చదివి నేను ఎగిరి గంతేశాను, నేనెక్కడా టిక్కు పెట్టలేదు మరి. తర్వాత తెలిసిన లాయరు ఒకాయన నీళ్ళు చల్లాడు. షరతులు నిన్ను కట్టిపడేయవు సరే, అసలు వాళ్ళకు నీ పట్ల బాధ్యత ఉందని ఎలా నిరూపిస్తావు అన్నాడు. డబ్బు తీసుకోలేదు, నీ ఇల్లు చూడలేదు, నీ పేరు కూడా తెలియదు. షరతుల పేజీ మొత్తం చింపేసినా కేసు గెలిచినట్టు కాదన్నమాట. మనం దాన్ని తాళం అనుకుంటాం గానీ, తాళం తీసినా లోపల గది ఖాళీగా ఉండొచ్చు.

ఆయన చెప్పిన రెండు పాత కేసులు నాకు బాగా గుర్తుండిపోయాయి. 1991లో అమెరికాలో, పుట్టగొడుగుల గురించిన పుస్తకం చూసి అడవిలో ఏరుకుని తిన్న ఇద్దరికి కాలేయం మార్చాల్సినంత ప్రమాదం వచ్చింది. అయినా అందులోని సమాచారాన్ని పరీక్షించాల్సిన బాధ్యత ప్రచురణ సంస్థకు లేదని కోర్టు తేల్చింది. అంతకుముందు బ్రిటన్‌లో 1963లో హెడ్లీ బర్న్ కేసు. ఒక కంపెనీ ఆర్థిక స్థితి బాగానే ఉందని బ్యాంకు చెప్పిన మాట నమ్మి ఓ ప్రకటనల సంస్థ నష్టపోయింది. నమ్ముతారని తెలిసి అజాగ్రత్తగా సలహా ఇస్తే బాధ్యత రావచ్చని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ మొదటిసారి ఒప్పుకుంది, కానీ ఆ బ్యాంకు "బాధ్యత లేకుండా చెప్తున్నాం" అని ముందే రాసినందుకు బయటపడింది. ఇప్పటి సైట్లన్నీ పేజీ అడుగున అదే మాట పెట్టుకుంటున్నాయి.

అలాగని అది తిరుగులేని కవచం కాదు. బ్రిటన్ 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి తన నిర్లక్ష్యం వల్ల వచ్చిన మరణానికీ గాయానికీ షరతు రాసి తప్పించుకోలేడు. భారతదేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "అన్యాయమైన ఒప్పందం", అంటే వినియోగదారుడి హక్కులను బాగా దెబ్బతీసే షరతులున్న ఒప్పందం, అనే భావన ఉంది. కానీ అదే చట్టం ఉచితంగా చేసే సేవను సేవ కిందే లెక్కపెట్టదు, కాబట్టి ఉచిత వ్యాసం చదివిన నాలాంటివాడికి అది ఉండీ లేనట్టే. డబ్బు కట్టి ఫోన్‌లో సంప్రదింపు తీసుకుంటే కథ మారుతుంది. మీ కప్పు ఫొటోలు పంపించుకుని "మీకిది చాలు" అని మీ ఒక్కరికే చెప్పి ఉంటే, అదిక సాధారణ సమాచారం అనడం వాళ్ళకూ కష్టం. తెలిసి అబద్ధం చెప్పినా, కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని ఆ సరుకునే సలహా రూపంలో అంటగట్టి ఆ సంగతి దాచినా అడగడానికి దారి ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. పాత ఆస్బెస్టాస్ రేకులకు చిల్లులు వేయమనో, గీకి శుభ్రం చేయమనో, వాటి మీద నడవమనో ఏ సైట్ చెప్పినా వినకండి. ఆ దుమ్ములోని సన్నని పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం, రేకు ఎప్పుడు విరిగి మనిషి కిందపడతాడో తెలీదు. అక్కడ షరతులు చెల్లుతాయా లేదా అన్న చర్చకు మనం మిగలాలి ముందు.

ఇక మీరు నిజంగా చూడాల్సింది మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళను. పని చేసిన మనిషి, పూత అమ్మిన కంపెనీ. నేను డబ్బా వెనక ఏముందో పని పాడయ్యాకే చదివాను. "ఉపరితలం లోపలి వరకు పూర్తిగా ఆరి ఉండాలి" అని స్పష్టంగా ఉంది. వారంటీ కూడా సరుకు మార్చి ఇవ్వడం వరకే, కూలీ గానీ లోపల జరిగిన నష్టం గానీ రాదు. నాకు అక్కడా దక్కలేదు, స్వయంగా వేసుకున్నాను మరి. మీరు మనిషిని పెట్టి చేయించారు కాబట్టి మీ పరిస్థితి నాకంటే నయం. తడి చూడకుండా పూత వేయడం, వాటం సంగతి పట్టించుకోకపోవడం అతని పనిలో లోపం. ఇంటి బీమా ఉంటే దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి, మెల్లగా ఊరే చెమ్మను చాలా పాలసీలు మినహాయిస్తాయి.

ఆ పనివాడితో మాట్లాడే ముందే ఆ వ్యాసాన్నీ నియమాల పేజీనీ తేదీ కనబడేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. "ఎప్పుడైనా మార్చవచ్చు" అని వాళ్ళే రాసుకుంటారు, మార్చేస్తారు కూడా. పాత రూపం కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో ఒక్కోసారి దొరుకుతుంది. బుడగలు ఉన్న పూతను ఫొటోలు తీయకుండా గీకించకండి, నేను ఆ తప్పు చేశాను. తూము మూసి నీళ్ళు నిలబెట్టి చూద్దాం అని ఎవరైనా అంటే, 25 మిల్లీమీటర్ల లోతు నీళ్ళే చదరపు మీటరుకు 25 కిలోల బరువు అవుతాయి, స్లాబు పాతదైతే ఇంజనీరు చూడకుండా ఒప్పుకోకండి.

మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యం పెద్దగా పట్టించుకోకుండా రాసేశారు, సైట్‌లో ఫోన్ నంబర్ ఇస్తే వాళ్ళే మనిషిని పంపారని. అసలు విషయం అదేనేమో. చాలా సైట్లు "వీళ్ళు స్వతంత్ర కాంట్రాక్టర్లు, మా ఉద్యోగులు కారు" అని నియమాల్లో రాస్తాయి. కానీ డబ్బు సైట్ ద్వారా కట్టారా, "మేం పరీక్షించి ఎంపిక చేసిన పనివాళ్ళు" అని ఎక్కడైనా చెప్పారా అన్నదాన్ని బట్టి చాలా తేడా వస్తుంది. ఆ రసీదు తీసి దాని మీద ఎవరి పేరుందో చూసి ఇక్కడే రాయండి.