పార్కు హోటల్లోనే దిగాలా, బయట లాడ్జి చాలా?

ప్రశ్న అడిగినావిడ మదనపల్లె నుంచి అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా ఆటల పార్కుకి వెళ్తున్నారట. పార్కు వాళ్ల రిసార్టులోనే గది తీసుకోవాలా, కెంగేరి దగ్గర ఏదో ఒక లాడ్జిలో దిగి ఆ డబ్బు మిగుల్చుకోవాలా అని అడుగుతున్నారు. ఈ విషయంలో మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది.

ముసలివాళ్లూ చిన్నపిల్లలూ వెంట ఉంటే ఆలోచించకుండా రిసార్టు తీసుకోండి. అందరూ కుర్రాళ్లే అయితే ఆ డబ్బుతో క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు కొనుక్కుని, రాత్రికి ఎక్కడ దొరికితే అక్కడ నడుం వాల్చండి. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. మిగతాదంతా ఎందుకు ఇలా అంటున్నానో చెప్పడానికి.

మాది తిరుపతి. గదుల గురించి తిరుపతి వాళ్లకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఏడాది పొడుగునా బంధువుల ఫోన్లు, "కొండ మీద రూమా, కింద రూమా?" అని. ఊళ్లో ఇల్లుంటే చాలు, ఎమ్మెల్యే గారి లెటరు మన దిండు కిందే ఉంటుందనుకుంటారు. బ్రేక్ దర్శనం దొరకదని చెప్తే ముఖం మాడ్చుకుంటారు, మా ఇంట్లోనే దిగి, మా గీజరు కాల్చి, పోతూ పోతూ "ఈసారి కాస్త ముందుగా చూడమ్మా" అని చెప్పి పోతారు. సరే, అది వేరే కథ. నేను గమనించింది ఏమిటంటే, కింద లాడ్జిలో దిగినవాళ్లకి డబ్బు మిగులుతుంది కానీ మనసంతా గడియారం మీదే ఉంటుంది. ఘాట్ రోడ్డు అర్ధరాత్రి మూసేస్తారని టెన్షన్, మళ్లీ తెల్లవారుజామున అలిపిరి దగ్గర చెకింగ్ లైను. పైన గది దొరికినవాళ్లు మాత్రం దర్శనం కాగానే పది నిమిషాల్లో కాళ్లు చాపుకుంటారు. పార్కు దగ్గర హోటలుకీ సరిగ్గా ఇదే లెక్క.

ఇంకో చిరాకు కూడా ఉంది. పార్కు హోటలు అనగానే అమెరికాలో ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో ఊదరగొట్టేస్తారు, లోపలే దిగాలి, లోపలే దిగాలి అని. అక్కడ సంగతి వేరు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ అంటే ఒక పార్కు కాదు, నాలుగు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలై 1998లో యానిమల్ కింగ్‌డమ్ దాకా ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చారు. నాలుగైదు రోజులు ఉండకపోతే చూడ్డం కుదరదు. వాళ్ల హోటల్లో దిగితే అందరికన్నా అరగంట ముందు లోపలికి వదులుతారు. పక్కనే యూనివర్సల్ వాళ్లయితే మూడు ఖరీదైన హోటళ్లలో దిగినవాళ్లకి క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే ఇస్తారు. ఆ పాస్ విడిగా కొనాలంటే ఇంటిల్లిపాదికీ వాచిపోతుంది కాబట్టి అక్కడ హోటలు ఖరీదు దానికే చెల్లుతుంది. మనదగ్గర పార్కు ఒక్క రోజు వ్యవహారం. పదకొండుకి తెరుస్తారు, సాయంత్రం ఆరుకో ఏడుకో మూసేస్తారు. అరగంట ముందు వెళ్లి ఏం చేస్తాం, గేటు దగ్గర సెల్ఫీ దిగడం తప్ప? అందుకని ఆ సలహాలు తెచ్చి బిడదిలో అతికించకండి.

ఇప్పుడు మా సంగతి. నేనూ, మా ఆయనా, ఇద్దరు పిల్లలూ, మా అత్తమ్మా. మా మరిది ఇల్లు వైట్‌ఫీల్డ్‌లో. కాబట్టి అత్తమ్మ ముందే తేల్చేసింది, "కడుపున పుట్టినోడు ఊళ్లో ఉండగా హోటల్లో ఎందుకు దిగడం, జనాలు నవ్వరా?" అని. మ్యాపు చూపించి చెప్పాను, అత్తమ్మా, వైట్‌ఫీల్డ్ బెంగళూరుకి ఈ కొస, పార్కు ఆ కొస, ఊరి నడిమధ్య నుంచి మైసూరు రోడ్డులో ఇరవై ఎనిమిది కిలోమీటర్లు, మధ్యలో ఊరంతా ఈదాలి అని. మెట్రో ఉంది కదా అన్నాడు మరిది. ఉంది, పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా 2023 అక్టోబరు నుంచి తిన్నగా నడుస్తోంది. కానీ చల్లఘట్టలో దిగాక మళ్లీ బిడది దాకా ఆటోనో క్యాబో మాట్లాడుకోవాలి. మోకాళ్ల నొప్పుల మనిషినీ, నిద్రమొహం పిల్లల్నీ, బట్టల సంచుల్నీ పెట్టుకుని ఆ మెట్లెక్కడం, దిగడం ఒకసారి ఊహించుకోండి. అత్తమ్మ ఊహించుకోలేదు. అలిగింది. మేం రిసార్టే బుక్ చేశాం.

తెల్లారకముందే బయలుదేరాం. మొగిలి ఘాట్ మలుపుల్లో మా అబ్బోడు వాంతి చేసుకోవడం, ముళబాగిలులో దోసెలు తినడం, అత్తమ్మ కోలారు దాకా ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇవన్నీ అయ్యాక పార్కు తెరిచిన కాసేపటికి చేరాం. గది ఇంకా ఇవ్వలేదు, చెకిన్ మధ్యాహ్నం రెండింటికి అన్నారు. సంచులు రిసెప్షన్‌లో పడేసి నేరుగా పార్కులోకి నడిచాం.

రెండు దాకా బానే గడిచింది. ఆ తర్వాత మొదలైంది. పెద్ద ఆటల దగ్గర ఎత్తు కొలిచే గుర్తు ఉంటుంది చూడండి, మా పెద్దపిల్ల దాటేసింది, అబ్బోడు చాలా కింద ఉండిపోయాడు. అక్క లోపలికి వెళ్లిపోతుంటే వాడు ఆ కొలబద్దని రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి, "ఇప్పుడు చూడు అంకుల్" అని ఏడుపు. అప్పటికే నీళ్లలో ఆడి ఒళ్లంతా తడి, పెదాలు నల్లబడ్డాయి, అన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేశాడు. ఇటు అత్తమ్మ. చీరతో నీళ్లలోకి దిగనివ్వరు, నైలాన్ బట్టలు ఉంటేనే. ఆవిడ ఆ బట్టలు వేసుకునే ప్రసక్తే లేదు. పొద్దుట్నుంచీ బెంచీ మీదే కూర్చుని అటు చూస్తోంది, ఇటు చూస్తోంది.

ఆ బెంచీ మీదే ఇంకో పెద్దాయన కూర్చుని ఉన్నాడు, మన వైపు మనిషే, పలమనేరు దగ్గరి పల్లె అన్నాడు. ఒళ్లో ఒక తువ్వాలు, దాని మీద నాలుగు ఫోన్లు, రెండు కళ్లజోళ్లు, ఎవరిదో గొలుసు. కాళ్ల దగ్గర ఆరేడు జతల చెప్పులు వరసగా సర్దిపెట్టాడు. లాకర్లు ఉన్నాయి కదా పెద్దాయనా అంటే, "నేనున్నాను కదమ్మా, లాకరుకి డబ్బులెందుకని పిల్లోళ్లు నాకిచ్చి పోయినారు" అన్నాడు. వాళ్లు సాయంత్రం దాకా రారట. బాత్రూముకి వెళ్లాలని ఉంది, ఇవన్నీ వదిలి ఎట్ల పోయేది అని నవ్వాడు. నేను కాపలా ఉంటాను పోయి రండి అంటే, లేచి నిలబడ్డానికే ఆయనకి నిమిషం పట్టింది. మనవళ్లతో సరదాగా గడుపుతాడని టికెట్ కొని తీసుకొచ్చి చెప్పులకి కాపలా పెట్టడం ఏం న్యాయమో నాకర్థం కాదు. తల్లిదండ్రుల్ని పార్కులకి తీసుకెళ్లేవాళ్లలో సగం మంది చేసేది ఇదే, నన్ను తిట్టుకున్నా సరే.

ఆయన తిరిగొచ్చాక నేను మా ఆయనతో, నువ్వూ పెద్దదీ మూసేదాకా ఆడుకుని రండి అని చెప్పి, అబ్బోణ్ణి భుజాన వేసుకుని, అత్తమ్మని పట్టుకుని గదికి వచ్చేశాను. నడిచే. క్యాబ్ లేదు, ఓటీపీ లేదు. అబ్బోడు తల తుడిచేలోపే నిద్రపోయాడు. అత్తమ్మ వేడినీళ్లతో స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని, చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? మరిదికి వీడియో కాల్. బాత్రూములో కుళాయి దగ్గర్నుంచి కిటికీ కర్టెన్ దాకా అన్నీ చూపించింది. "నువ్వూ ఒకసారి రారా, మీ ఇంట్లో ఇంత వెలుతురు లేదు" అంది. అలక అంతటితో సరి. నేను కాఫీ తెప్పించుకుని ఎవరూ పిలవకుండా తాగాను. ఆ ఖరీదైన గదికి అయిన ఖర్చంతా నాకు ఆ గంటలోనే వచ్చేసింది.

అందుకే చెప్తున్నాను, గది ఏ రాత్రికి తీసుకుంటున్నారో చూసుకోండి. చాలామంది పార్కుకి ముందు రోజు రాత్రికి తీసుకుంటారు. పొద్దున పదకొండుకల్లా ఖాళీ చేయాలి, పార్కు తెరిచేదీ అప్పుడే. అంటే సరిగ్గా గది అవసరమైన మధ్యాహ్నం చేతిలో తాళం ఉండదు, పైగా సంచులు మోసుకు తిరగాలి. పార్కు రోజు రాత్రికి తీసుకుంటే రెండింటికి గది చేతికొస్తుంది, రాత్రి అక్కడే పడుకుని మర్నాడు టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరొచ్చు. మీరు చింతామణి, హొసకోటె మీదుగా వస్తారు, మాకన్నా సగం దూరమే, కాబట్టి ముందురోజు రాత్రి మీకసలు అవసరం లేదు. మధ్యాహ్నం బయటికి వచ్చినవాళ్లని అదే టికెట్ మీద మళ్లీ లోపలికి పంపుతారా అన్నది మాత్రం బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి, ఇది పార్కుని బట్టి మారుతుంది.

చెన్నై పార్కులకైతే హోటలు మాటే ఎత్తను. మనకి చెన్నై పొద్దున పోయి రాత్రికి వచ్చే ఊరు. తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా వాళ్లు 2025 డిసెంబరులో కొత్త పార్కు తెరిచారు, అది మాత్రం చెన్నైకి అవతలి వైపు, ముసలివాళ్లుంటే ఆలోచించాలి. రామోజీ ఫిల్మ్ సిటీలో సితార, తార అని వాళ్ల హోటళ్లే ఉన్నాయి. తిరుపతి నుంచి రాత్రి రైల్లో పోయి పొద్దున దిగేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డులో అంత దూరం పోయి, రోజంతా నడిచి, మళ్లీ ఊళ్లోకి రావడం ఒక శిక్ష.

డబ్బు సంగతి. రేటు చూసేటప్పుడు జీఎస్టీ కలిపి చూడండి. గది రోజుకి 7,500 దాటితే 18 శాతం, ఆ లోపయితే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. 7,400 గదికీ 7,600 గదికీ తేడా రెండొందలు కాదు, వెయ్యి దాటుతుంది. సెలవు రోజుల్లో రేట్లు ఎలాగూ కొండెక్కుతాయి, వీలుంటే మంగళ, బుధవారాలు చూడండి, పిల్లలు రెండు రోజులు బడి మానితే ఐఏఎస్ చేజారిపోదు. వండర్‌లాలో పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి, 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, 140 దాటితే పెద్దల టికెట్టే. ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలిచి వెళ్తే అక్కడ ఏడుపులు తగ్గుతాయి. నైలాన్ బట్టలు మీ ఊళ్లోనే కొనుక్కోండి, మేం గాంధీ రోడ్డులో తీసుకున్నాం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి చిత్రాన్నం డబ్బా కట్టుకున్నా అది కారు వరకే.

మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులని రాశారు. బుక్ చేసేటప్పుడే లిఫ్టుకి దగ్గరగా ఉన్న గది కావాలని అడిగి పెట్టుకోండి, అప్పటికప్పుడు అడిగితే ఎక్కడైనా సరే కారిడార్ చివర మిగిలినదే ఇస్తారు.